కారు మీద మనసు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జీడిపప్పు వ్యాపారంలో కూడబెట్టి పోర్షే 911 కొనుక్కున్నాను. నడిపేది తక్కువ. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి ఇంజన్ ఐదు నిమిషాలు ఆన్ చేసి, చూస్తూ నిలబడతాను. ఇంట్లో వాళ్లు “బొమ్మ కొనుక్కున్నావు” అంటున్నారు. చూడటంలోనే ఇంత ఆనందం ఉండటం సబబేనా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ముమ్మాటికీ సబబే. మీ ఆనందానికి కారణాలు ఆ రేకు వంపుల్లోనే ఉన్నాయి. ఈ కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి కనబడినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు తమవని ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. పేరు మారినా ఇంజన్ చోటు మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ అది వెనక ఇరుసుకి ఇంకా వెనకే ఉంది. ముందు ఇంజన్ లేదు కాబట్టి బానెట్ కిందికి వాలింది, హెడ్‌లైట్ల మీది మడ్‌గార్డులు దానికంటే ఎత్తుగా నిలిచాయి. బరువంతా వెనక ఉంది కాబట్టి అక్కడ వెడల్పు టైర్లు కావాలి. 911లో మామూలు రకమైన ఇప్పటి కరేరాకి ముందు టైరు వెడల్పు 235 మి.మీ. అయితే వెనకది 295. ఆ టైర్లను కప్పడానికే వెనక భుజాలు అలా ఉబ్బాయి. అందం కోసం విడిగా అతికించిన వంపు దాదాపు లేదు, ప్రతి వంపుకీ ఒక పని ఉంది. ఎన్నిసార్లు చూసినా కన్ను అలిసిపోకపోవడానికి మా దృష్టిలో అసలు కారణం ఇదే.

చూసే పద్ధతి కూడా ఉంది. నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఉంటే వంపులన్నీ చదునుగా కనబడతాయి. వెలుగు పక్క నుంచి పడాలి. పొద్దున్న, సాయంత్రం ఏటవాలు ఎండలో కారుని బయట పెట్టి, వెనక మూల నుంచి ఐదారు మీటర్ల దూరం జరిగి, హెడ్‌లైట్ ఎత్తుకి వంగి చూడండి. పైకప్పు గీత అద్దం మీది నుంచి తోక దాకా ఎక్కడా తెగకుండా జారడం అప్పుడు తెలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు దగ్గరికి వెళ్లకండి, ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. దూరం నుంచి రెండింతల జూమ్‌లో తీయండి.

ఆ ఐదు నిమిషాల ఇంజన్ మాత్రం ఈ రోజే మానేయండి. అంత తక్కువ సేపట్లో ఆయిల్ వేడెక్కదు. కాలని పెట్రోలూ, నీటి ఆవిరీ ఆయిల్‌లో చేరి దాన్ని పలచన చేస్తాయి, సైలెన్సర్‌లో నీరు నిలుస్తుంది. దానికి బదులు రెండు వారాలకోసారి జాతీయ రహదారి మీద టెక్కలి దాకా వెళ్లి రండి. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ముందు వేడెక్కుతుంది, ఆయిల్ బాగా ఆలస్యంగా. అందుకని ఆయిల్ ముల్లు 80 డిగ్రీలు దాటేదాకా 3,000 ఆర్‌పీఎం లోపే ఉంచండి. ఆ తర్వాత వినండి: మూడేసి సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి, ఎదురెదురు పిస్టన్లు ఒకదాని ఊపుని మరొకటి రద్దు చేస్తాయి. అందుకే ఆ గొంతులో వణుకు ఉండదు. ఇంట్లో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లండి, బొమ్మ అన్న మాట వాళ్లే వెనక్కి తీసుకుంటారు.

ప్రశ్న: మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా నా 911 అడుగు గీరుకుంటోంది. ఎంత నెమ్మదిగా వెళ్లినా అంతే. ఏం చేయాలి?
– రాజాం నుంచి

జవాబు: తప్పు మీ వేగానిది కాదు, బ్రేకర్ ఆకారానిది. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., అడుగు వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. 911లో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లు. కొలత ప్రకారం కట్టిన బ్రేకర్ మీద ముందు, వెనక చక్రాలు రెండూ ఉన్నప్పుడు కారు నడుము కిందికి పొడుచుకొచ్చేది నాలుగున్నర సెం.మీ. లోపే. అదే ఊళ్లో సిమెంటుతో పోసిన సన్నటి గట్టు అయితే మొత్తం ఎత్తూ నడుము కిందికి వస్తుంది. ఇలాంటి కార్ల అడుగు నేలకి సుమారు 11 నుంచి 13 సెం.మీ. ఎత్తులోనే ఉంటుంది కాబట్టి 12 సెం.మీ. గట్టు కూడా ప్రమాదమే.

గట్టుని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటండి. ఎక్కే ముందే బ్రేకు వదిలేయండి, బ్రేకు మీద ఉంటే ముక్కు ఇంకా దిగుతుంది. ముక్కుని సుమారు 4 సెం.మీ. లేపే ఫ్రంట్ లిఫ్ట్ ఉంటే ముందుగానే నొక్కండి. అది ముందు పెదవిని కాపాడుతుంది, నడుముకి చేసే సాయం తక్కువ. ఇంటి ముందు గట్టు అయితే పంచాయతీనో మున్సిపాలిటీనో కలిసి కొలత ప్రకారం మళ్లీ వేయమని అర్జీ పెట్టండి. ఆటోలకీ, గర్భిణులకీ కూడా అది మేలు.

ప్రశ్న: కళింగపట్నం దగ్గర ఇల్లు. నెలకోసారి మా 911 తీస్తే బ్యాటరీ డౌన్, ముందు బానెట్ కూడా తెరుచుకోదు. పైన టార్పాలిన్ కప్పుతున్నాం.
– ఒక పాఠకురాలు

జవాబు: టార్పాలిన్ ముందు తీసేయండి. ఉప్పు తేమ లోపలే చిక్కుకుని రంగునీ, బ్రేకు డిస్కుల్నీ తింటుంది. గాలాడే గుడ్డ కవర్ వాడండి. దుమ్ము మీద కవర్ లాగకండి, గీతలు పడతాయి. మంచినీళ్లతో కడిగాక కాస్త దూరం నడిపి, బ్రేకులు వేసి డిస్కుల్ని ఆరబెట్టండి.

కారు ఆపేసినా అలారం, తాళం రిసీవరు కరెంటు తాగుతూనే ఉంటాయి. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 అంటే సగం ఖాళీ. నిండగానే తనంతట తాను తగ్గే బ్యాటరీ మెయింటెయినర్ పెట్టండి, మామూలు ఛార్జరు వద్దు. ఇక బానెట్ తాళం కరెంటుది, బ్యాటరీ దాని కిందే ఉంది. ముందు సీటు కాళ్ల దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగే ఎర్ర టెర్మినల్ ఉంటుంది. దానికి బయటి బ్యాటరీ పాజిటివ్ తగిలించి, నెగటివ్ చోటు మాన్యువల్‌లో చూసి కలిపితే బానెట్ తెరుచుకుంటుంది. ఇది తాళం తీయడానికి మాత్రమే, ఇంజన్ స్టార్ట్ చేయడానికి కాదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుణ్ణి. ఇలాంటి కారు జీవితంలో కొనలేను. చూసి మురిసిపోవడం తప్ప దారి లేదా?
– విజయనగరం

జవాబు: 1:18 (అసలులో పద్దెనిమిదో వంతు) డైకాస్ట్ (లోహపు పోత) నమూనా కొనుక్కోండి. నాలుగున్నర మీటర్ల కారు అందులో 25 సెం.మీ. అవుతుంది, తలుపులు తెరిచి సీట్లు కూడా చూడొచ్చు. ఎండ పడని అద్దాల బీరువాలో పెట్టండి. నెలల తరబడి ప్లాస్టిక్ పీట మీద నిలబడితే మెత్తటి టైర్లలోని నూనె కారి అంటుకుపోతుంది. అందుకని ఇరుసుల కింద చిన్న దిమ్మలు పెట్టి టైర్లు పీటకి తగలకుండా ఉంచండి. అసలు కారు హైవే హోటల్ దగ్గర కనబడితే సంకోచించకుండా యజమానిని పలకరించండి. ఉంగరం, బ్యాగు జిప్పు రేకుకి తగలకుండా చూసుకుంటే చాలు. చాలామంది తలుపు తీసి కూర్చోబెడతారు.