సమీకరణం తేలట్లేదంటే ముందు ఫార్ములా చూడండి

"పదో తరగతి చదివే మా అమ్మాయికి రసాయన సమీకరణాలు తుల్యం చేయడం (రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపెట్టడం) ఎంతకీ రావట్లేదు, షార్ట్‌కట్ ఏమైనా ఉందా?" అని ఒకరు అడిగారు. ఉందండీ. కానీ ముందు తన నోట్సు తీసి ఫార్ములాలు చూడండి. లెక్క రాక తప్పేవాళ్లు తక్కువ, సంయోజకత (వేలెన్సీ, అంటే ఒక మూలకం ఎన్ని బంధాలు కలుపుతుందో చెప్పే అంకె) రాక తప్పేవాళ్లే ఎక్కువ.

అల్యూమినియం, సల్ఫ్యూరిక్ ఆమ్లం చర్యే తీసుకోండి. వచ్చేవి అల్యూమినియం సల్ఫేట్, హైడ్రోజన్. అల్యూమినియం సంయోజకత 3, సల్ఫేట్‌ది 2. అంటే అల్యూమినియం సల్ఫేట్‌లో 2 అల్యూమినియంలకు 3 సల్ఫేట్లుండాలి. పిల్లలు ఒకటికి ఒకటి రాసేస్తారు. చిక్కేమిటంటే, ఆ తప్పు ఫార్ములాతో ఏ గుణకమూ (ఫార్ములా ముందు వేసే అంకె) పెట్టకుండానే రెండు వైపులా సరిపోతుంది! ఇక అనుమానమెందుకొస్తుంది? సరిగ్గా రాస్తే లోహం ముందు 2, ఆమ్లం ముందు 3, హైడ్రోజన్ ముందు 3 వస్తాయి. సల్ఫేట్‌ను విడగొట్టకుండా ఒకే ముక్కగా లెక్కపెట్టమనండి.

ఆక్సిజన్ చాలలేదని హెచ్2ఓను హెచ్2ఓ2 చేసేవాళ్లూ ఉంటారు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. కింది అంకె జోలికి పోకూడదు.

ఇక షార్ట్‌కట్. ఎక్కువ చోట్ల కనిపించే మూలకాన్ని ఆఖరికి వదిలేయాలి. గ్యాస్ బండలో ఉండే బ్యూటేన్‌లో కార్బన్ 4, హైడ్రోజన్ 10. అది ఆక్సిజన్‌తో మండి సీవో2 (కార్బన్ డయాక్సైడ్), నీరు ఇస్తుంది. ముందు కార్బన్: 4 సీవో2. తర్వాత హైడ్రోజన్: 5 నీళ్లు. కుడివైపు ఆక్సిజన్ 8+5, మొత్తం 13. ఎడమ ఆక్సిజన్ జంటగా ఉంటుంది కాబట్టి ఆరున్నర. ఆ అర పోవాలంటే అన్నిటినీ రెట్టింపు చేయాలి: బ్యూటేన్ 2, ఆక్సిజన్ 13, సీవో2 8, నీరు 10. ఆక్సిజన్ ఒక్కదాన్నే రెట్టింపు చేసి మిగతావి మర్చిపోవడం దగ్గరే మార్కులు పోతాయి. దీనికి కూడా గుణకాలను ఎ, బి, సి, డి అనుకుని బీజగణితం చేయించే ట్యూషన్లున్నాయి. నాలుగు తెలియని రాశులు, మూడు సమీకరణాలు! పదో తరగతికి ఆ తద్దినం దేనికో.

అయితే మన విశాఖ స్టీల్‌ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే కొలిమి) చర్య ఈ పద్ధతికి ఓ పట్టాన లొంగదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కిరండూల్ రైలు లైన్లో దిగే ఖనిజంలోని ఐరన్ ఆక్సైడ్ (ఇనుము 2, ఆక్సిజన్ 3), సీవో (కార్బన్ మోనాక్సైడ్)తో కలిసి ఇనుము, సీవో2 ఇస్తుంది. ఎడమవైపు రెండు పదార్థాల్లోనూ ఆక్సిజనే. దాన్ని పట్టుకుంటే సీవో2 ముందు 2, కార్బన్ కోసం సీవో ముందు 2, మళ్లీ ఆక్సిజన్ 5కి 4... గానుగెద్దు తిరుగుడే. అంకెలు వదిలి, జరిగేది చూడండి. ఒక్కో సీవో ఒక్క ఆక్సిజన్‌నే లాక్కుని సీవో2 అవుతుంది. ఆక్సైడ్‌లో ఊడాల్సినవి 3, కాబట్టి సీవో 3, సీవో2 3, ఇనుము 2. ఆక్సిజన్ అటూ ఇటూ 6.

వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే ఫెర్రస్ సల్ఫేట్‌ను వేడిచేసే చర్య ఇవ్వండి. ఇందులో ఇనుము 1, సల్ఫేట్ 1. వచ్చేవి ఫెర్రిక్ ఆక్సైడ్ (పైన చెప్పిన ఐరన్ ఆక్సైడే), ఎస్‌వో2 (సల్ఫర్ డయాక్సైడ్), ఎస్‌వో3 (సల్ఫర్ ట్రయాక్సైడ్). ఇనుముతో మొదలుపెడితే ఎడమవైపు ఒక్క 2తో అంతా తేలిపోతుంది. ఆక్సిజన్‌తో మొదలుపెట్టిందంటే ఇంకో వారం సాధన చేయించండి.