రేర్ కారు అంటూ ఆరున్నర లక్షలు అడుగుతున్నారు, కొనొచ్చా?

ప్రశ్న: మధురవాడలో ఉంటాను సర్. వయసు 38, ఇద్దరు పిల్లలు, చేతికి నెలకి 92 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 55 వేలు. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి, నెలకి 15 వేలు సిప్ కడుతున్నా, ఇంట్లో వ్యాగన్‌ఆర్ ఉంది. లాసన్స్ బే కాలనీలో ఒకాయన దగ్గర 2012 మార్చి రిజిస్ట్రేషన్ మారుతీ కిజాషి మాన్యువల్ ఉంది, ఆరున్నర లక్షలంటున్నారు. మధ్యలో ఉన్న బ్రోకర్ "వైజాగ్ మొత్తం మీద రెండో మూడో ఉంటాయి, వింటేజ్ పీస్, నాలుగేళ్లు ఉంచితే డబుల్ అవుద్ది" అంటున్నాడు. ఎఫ్‌డీ తీసేసి మిగతా రెండున్నరకి పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నా. ఆ కారు రిలీజైనప్పట్నుంచీ దాని మీద మనసుంది. కొనొచ్చా?

జవాబు: ఈ రేటుకి, ఈ డబ్బుతో మాత్రం వద్దండి. కారు మీద మీకున్న ఇష్టాన్ని నేను కాదనను, కిజాషి నిజంగానే మంచి కారు, 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజన్, జపాన్ నుంచి పూర్తిగా తయారై దిగిన బండి, ఆ రోజుల్లో నడిపినవాళ్లు ఇప్పటికీ దాని హ్యాండ్లింగ్ గురించి చెప్తారు. కానీ మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి, నచ్చిన కారు కొనుక్కోవడం ఒకటి, లాభానికి అమ్ముకోవచ్చనుకోవడం ఇంకొకటి, బ్రోకర్ ఆ రెండోదాన్ని చూపించి మొదటిదానికి రేటు పెంచుతున్నాడు.

ముందు ఆ కారు ఎందుకు తక్కువ కనపడుతోందో చూడండి. 2011 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ పదహారున్నర, పదిహేడున్నర లక్షల మధ్య పెట్టారు. మారుతీ బ్యాడ్జీకి అంత పెట్టడం జనానికి ఎక్కలేదు, పైగా డీజిల్ వెర్షన్ లేదు, అప్పట్లో పెట్రోల్‌కీ డీజిల్‌కీ లీటరుకి ఇరవై రూపాయల పైనే తేడా ఉండేది, ఇంచుమించు అదే డబ్బుకి స్కోడా లాంటివి దొరికేవి. అమ్మకాలు సాగక కొన్నేళ్లకే ఆపేశారు, సుజుకీ కూడా ఆ తర్వాత దానికి రెండో జనరేషన్ తేలేదు. అంటే కొత్తగా ఉన్నప్పుడే అడిగినవాళ్లు తక్కువ, అందుకే ఇప్పుడు రోడ్డు మీద తక్కువ. 2017లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ సంగతి చూడండి, అది లిమిటెడ్‌గా తెచ్చారు, తెచ్చినవి తెచ్చినట్టే బుక్ అయిపోయాయి, దొరకనివాళ్లు మిగిలిపోయారు, వాళ్లే ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువిచ్చి కొంటున్నారు. జిప్సీ అయితే లెక్కకి రేర్ కూడా కాదు, ఏళ్ల తరబడి తయారైంది, ఆర్మీ నిండా అవే, అయినా ఆఫ్ రోడ్ పిచ్చి ఉన్నవాళ్లు, ర్యాలీ వాళ్లు వెతికి మరీ కొంటారు కాబట్టి రేటు నిలబడుతోంది. ఎన్ని ఉన్నాయి అన్న లెక్క కంటే ఎంతమంది వెతుకుతున్నారు అన్నదే రేటుని నిలబెడుతుంది. బ్రోకర్‌ని ఒకటే అడగండి, "ఈ కారు నా కంటే ముందు ఎంతమంది వచ్చి చూశారు, ఎంతకి అడిగారు, ఎన్ని నెలల నుంచి అమ్మకానికి ఉంది" అని. నాలుగు నెలల నుంచి అదే రేటుకి కదలకుండా ఉంటే ఆ రేటుకి కొనేవాడు లేడనే కదా, రేపు మీరు అమ్మేటప్పుడూ అదే పరిస్థితి.

వింటేజ్ అన్న మాట పట్టించుకోకండి. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికే వింటేజ్ హోదా, మీ కారుకి అది 2062లో వస్తుంది. వచ్చినా దాన్ని మామూలుగా రోజువారీ రోడ్డు మీద తిప్పుకోనివ్వరు.

ఇప్పుడు డబుల్ అవుద్ది అన్నదాన్ని కాయితం మీద పెట్టి చూద్దాం. రెండున్నర లక్షల లోన్ 12.5 శాతానికి నాలుగేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 6,645 దాకా పడుతుంది, వడ్డీయే 69 వేలు. ఎఫ్‌డీ నాలుగు లక్షలు 6.5 శాతానికి కదపకుండా ఉంచితే నాలుగేళ్లలో లక్షా 15 వేల దాకా వచ్చేది, అది పోయినట్టే. ఇన్సూరెన్స్, 1500 సీసీ దాటింది కాబట్టి ఒక్క థర్డ్ పార్టీకే ఏడాదికి 7,897, జీఎస్టీతో 9,300 పైన, నాలుగేళ్లకి 37 వేలు. ఇక ఎవరూ మీకు చెప్పని ఖర్చు ఒకటుంది, మార్చి 2027కి దానికి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, మామూలు కారుకి ఫీజు 5 వేలు, ఇంపోర్టెడ్ ఫోర్ వీలర్‌కి 2022 ఏప్రిల్ నుంచి 40 వేలు. కిజాషి పూర్తిగా దిగుమతి అయిన బండి కదా, ఆర్‌సీలో ఇంపోర్టెడ్ అని ఉందేమో ముందే చూడండి, ఉంటే ఆ 40 వేలు మీ జేబు నుంచే, పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. రెన్యువల్ కూడా ఐదేళ్లకే ఇస్తారు, 20 ఏళ్లు దాటాక ఇంపోర్టెడ్ కారుకి ఆ ఫీజు 80 వేలు, 2025లో పెంచారు. సర్వీసింగ్, టైర్లు, చిన్నాచితకా రిపేర్లకి ఏడాదికి 30 వేలే వేసుకున్నా నాలుగేళ్లకి లక్షా 20 వేలు.

మొత్తం కలిపితే 3 లక్షల 80 వేలు. ఆరున్నరకి కొన్న కారుని నాలుగేళ్ల తర్వాత పది లక్షల 30 వేలకి అమ్మితే మీకు లాభం సున్నా. పద్దెనిమిదేళ్ల పెట్రోల్ సెడాన్‌కి, ఆపేసిన మోడల్‌కి, అంత పెట్టేవాడు విశాఖలో దొరుకుతాడని మీకనిపిస్తోందా? సొంత వాడకానికి కొన్న కారు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో క్యాపిటల్ అసెట్ కాదు కాబట్టి లాభం వస్తే ట్యాక్స్ పడదు, నిజమే, కానీ నష్టమొస్తే దేంట్లోనూ తగ్గించుకోవడానికీ లేదు, ఇలాంటి కార్లలో ఎక్కువగా జరిగేది ఆ రెండోదే.

మరి ఎంతకి కొనొచ్చు అంటే, నేనైతే రేటుని రెండు ముక్కలు చేస్తాను. అదే ఏడాది హోండా అకార్డ్ 2.4, అంతే తిరిగింది, అంతే కండిషన్‌లో ఉన్నది ఎంతకి పోతోందో నాలుగు చోట్ల కనుక్కోండి, యాడ్‌లో పెట్టిన రేటు కాదు, చేతులు మారిన రేటు. ఊరికే మాటకి అది మూడున్నర అనుకుందాం. దాంట్లోంచి ఆర్‌సీ రెన్యువల్ ఖర్చు తీసేయండి, టైర్లు మార్చాల్సి ఉంటే అదీ తీసేయండి. మిగిలిన దాని మీద రేర్ అన్నందుకు, మీ మనసు కోసం, పది పదిహేను శాతం కలపండి. నా లెక్కలో ఈ కారు మీకు మూడున్నర దాటకూడదు. ఆరున్నరలో మిగతా మూడు లక్షలూ రెండో మూడో ఉంటాయి అన్న ఒక్క మాటకి కడుతున్నట్టు, ఆ మాట కూడా ఎవరూ రుజువు చేయలేరు.

రేర్ అన్నది పార్టుల దగ్గర మీకే ఎదురు తిరుగుతుంది. ఇంజన్ వరకూ కొంత నయం, అప్పట్లో మారుతీ దిగుమతి చేసి అమ్మిన గ్రాండ్ విటారాలో ఉన్నదీ ఈ 2.4 ఇంజన్ కుటుంబమే కాబట్టి తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. హెడ్‌ల్యాంప్, బంపర్, ముందు అద్దం, డోర్ ప్యానెల్, వీటికి ఏ కారుతోనూ పొత్తు లేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆటో వాడు బంపర్ గీరితే వ్యాగన్‌ఆర్‌కి సాయంత్రానికి పార్ట్ వస్తుంది, దీనికి నెలలు పట్టొచ్చు, ఈలోపు బండి షెడ్డులో. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, అనేది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం, మీరు ఆరున్నర పెట్టి కొన్నారని వాళ్లు ఆరున్నర రాయరు. టోటల్ లాస్ అయితే పాలసీలో రాసిందే వస్తుంది, రేర్ అని మీరు ఎక్కువ కట్టిన డబ్బు మొత్తం పోతుంది.

లాసన్స్ బే అన్నారు, సముద్రానికి అంత దగ్గర పద్నాలుగేళ్లు ఉన్న కారుని పై పెయింట్ చూసి కొనకండి. లిఫ్ట్ మీద ఎక్కించి జాకీ పెట్టే చోట్లు, వీల్ ఆర్చ్‌ల లోపలి అంచులు, సబ్‌ఫ్రేమ్, బ్రేక్ పైపులు స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడాలి, పొక్కులా లేచి రాలితే ఉప్పుగాలి లోపలికి తినేసినట్టు. కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త, కింద తుప్పు దాచడానికే కొట్టి ఉండొచ్చు. ఇంకోటి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కారు ఊళ్లోనే ఉందా? చెట్లు పడి, నీళ్లు చేరి చాలా బళ్లు దెబ్బతిన్నాయి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా పూర్తిగా లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి అడుగు మీద మట్టి మరక ఉందేమో చూడండి, స్టెప్నీ గుంతలో తుప్పు, కార్పెట్ కింద ముక్కవాసన. ఆ ఏడాది ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి. ఎం పరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరో, హైపోథికేషన్ (బండి మీద లోన్) ఉందో తీరిందో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది, పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి.

ఇంక మీ ఎఫ్‌డీ సంగతి. 55 వేల ఖర్చున్న ఇంటికి 4 లక్షలంటే ఏడు నెలలు గడిచే డబ్బు, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అదే మీకున్న దన్ను. దాన్ని ఖాళీ చేసి, పైన 6,645 ఈఎంఐ తగిలించుకుని, అవసరమొచ్చినప్పుడు వెంటనే అమ్ముడుపోని వస్తువు కొనడం నాకు అస్సలు నచ్చడం లేదండి, గట్టిగానే చెప్తున్నా. ఖర్చులూ సిప్ పోను మీకు నెలకి 22 వేలు మిగులుతోంది. అందులో 15 వేలు కారు పేరుతో విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, రెండేళ్లకి వడ్డీతో కలిపి 3 లక్షల 80 వేల దాకా అవుతుంది, అప్పటికి ఈ కారు కాకపోతే ఇంకోటి, లోన్ లేకుండా, ఎఫ్‌డీ ముట్టుకోకుండా కొనుక్కోవచ్చు. ఇలాంటి కార్లు ఓనర్లకి షెడ్డులో బరువైనప్పుడు రేటు తగ్గి మళ్లీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

ఈలోగా డబ్బు ఖర్చు లేని పని ఒకటి చేయండి. రెండు సర్వీస్ సెంటర్లకి ఫోన్ చేసి, ఛాసిస్ నంబర్ చెప్పి, కిజాషి హెడ్‌ల్యాంప్ రేటెంత, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని అడగండి. వాళ్లు చెప్పిన రేటూ, ఆర్‌సీలో ఇంపోర్టెడ్ అని ఉందా లేదా అన్నదీ రాసి పంపండి, ఓనర్‌కి ఎంత ఆఫర్ చెప్పాలో అప్పుడు లెక్క వేద్దాం.