మేనబావను చేసుకున్నాను, ఆడపడుచు బిడ్డకు తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య రక్తజబ్బు) ఉంది. గర్భం రాకముందే ఏ పరీక్షలు చేయించుకోవాలి?

మీ హిమోగ్లోబిన్ 10 దగ్గరే ఉందనీ, ఐరన్ మాత్రలు వాడితే చాలన్నారనీ రాశారు. నాకూ అదే చెప్పారు. మొదటి కాన్పుకు ముందు ఐదు నెలలు ఐరన్ వేసుకున్నా రక్తం పెరగలేదు. ఆ రిపోర్టులోనే ఎర్రకణాల పరిమాణం, అంటే ఎం.సి.వి., 64 అని ఉంది. 80 ఉండవలసినది అంత తక్కువగా ఎందుకుందని ఎవరూ అడగలేదు. పాపకు ఎనిమిదో నెలలో ఒళ్లు పాలిపోయి, పాలు తాగడానికే ఆయాసపడుతుంటే అప్పుడు మా ఇద్దరికీ పరీక్ష చేశారు. పాపదీ తలసీమియాయేనని తేలింది. ఈనాటికీ పాపకు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తున్నాం.

బిడ్డకు జబ్బు వచ్చిందంటే మీ ఆడపడుచు క్యారియరే, అంటే తనకు జబ్బు లేకున్నా ఆ జన్యులోపాన్ని మోస్తున్న మనిషే; కనుక ఆమె తోడబుట్టిన మీ భర్త కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. మేనరికం వల్ల అదే లోపం మీకూ వచ్చి ఉండవచ్చు. అందువల్ల ఇద్దరూ ఒకేసారి హెచ్.పి.ఎల్.సి. పరీక్ష, అంటే రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చెప్పే పరీక్ష, చేయించుకోండి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా క్యారియర్ అంటారు. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఆ అంకె తగ్గి కనిపించవచ్చు కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి.

ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకు వచ్చిందిగా, రెండో బిడ్డకు రాదులే" అని మా పెద్దవాళ్లు నన్ను ఓదార్చారు. ప్రేమతో అన్నదే అయినా అది నిజం కాదు.

గర్భం రాకముందే అనడానికి అసలు కారణం వేరే ఉంది. కడుపులోని బిడ్డకు 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు గాని, తల్లిదండ్రుల జన్యువులో ఏ లోపం ఉందో ముందే తెలిస్తేనే దానికోసం వెతకగలరు. ఆ డీఎన్ఏ పరీక్షకే వారాలు పడుతుంది. హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది; అక్కడికి ఇద్దరూ కలిసి వెళ్లండి. రెండోసారి మేము రిపోర్టులు చేతిలో పెట్టుకునే గర్భానికి సిద్ధపడ్డాం. పొట్టలోకి సూది దిగుతుంటే ఆయన చేయి గట్టిగా పట్టుకుని స్కాన్ తెరవైపే చూస్తూ ఉండిపోయాను. బాబు మాలాగే క్యారియర్ మాత్రమేనని తేలింది. ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి గర్భంలో పెట్టే పద్ధతీ ఉంది, ఆ ఖర్చు మా వల్ల కాలేదు.

మీ ఆడపడుచు బిడ్డకు డీఎన్ఏ రిపోర్టు ఉంటే డాక్టరుకు వెతుకులాట చాలా తగ్గుతుంది. అడిగితే నొచ్చుకుంటుందేమోనని సంకోచించకండి. నా చెల్లెలు అడిగిన రోజున పాప ఫైలంతా నేనే తెచ్చి దాని చేతిలో పెట్టాను.