పరిహారంలో 20 శాతం వకీలుకు ఇవ్వాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. లారీ ప్రమాదంలో నా భర్త చనిపోయారు. ట్రైబ్యునల్ 18 లక్షల పరిహారం ఇచ్చింది. అందులో 6 లక్షలు పాప పేరున డిపాజిట్, 12 లక్షలు నాకు. కేసు వేసేటప్పుడు వకీలు నాతో రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం చేయించుకున్నారు. ఇప్పటికి 40 వేలు ఇచ్చాను. ఇప్పుడు మొత్తంలో 20 శాతం, అంటే 3,60,000 అడుగుతున్నారు. ఇవ్వకపోతే కాగితాలు ఇవ్వనని, చెక్కు బ్యాంకులో వేస్తానని అంటున్నారు. నా పుస్తెలతాడు కుదువలో ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. ముందే ఒప్పుకున్నాను కదా అని కుంగిపోనూ వద్దు. గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో వాటా అడగడం వకీళ్ల నడవడికను చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నిషేధం. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది మన తెలంగాణ కేసే. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళ ఇచ్చిన 3 లక్షల చెక్కు చెల్లలేదని ఆమె వకీలు కేసు వేశారు. శాతం లెక్కన ఫీజు అడగడం చట్టవిరుద్ధమని చెప్పి, కోర్టు ఆ చెక్కు కేసునే కొట్టేసింది.

మీ లెక్క ఒకసారి దగ్గరగా చూడండి. పాప 6 లక్షలు ఆమె పెద్దయ్యేదాకా బ్యాంకులోనే ఉంటాయి. ఆ 6 లక్షల మీద పడే 1,20,000 కూడా మీ 12 లక్షల్లోంచే పోతుంది. పేరుకు 20 శాతం, మీ చేతికొచ్చే డబ్బులో మాత్రం 30 శాతం. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

చెక్కుల విషయంలో జాగ్రత్త. చెల్లించవద్దని బ్యాంకుకు చెప్పేస్తే చాలని ఎవరైనా అంటే నమ్మకండి, అలా తిరిగొచ్చిన చెక్కు మీద కూడా చెల్లని చెక్కులకు వర్తించే 138 సెక్షన్ కింద కేసు వేయవచ్చు. ముందుగా వకీలుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. చెక్కుల నంబర్లు, వాటిని ఖాళీగా తీసుకున్న సంగతి, ఇచ్చిన 40 వేలు, శాతం ఒప్పుకోననే మాట అన్నీ అందులో ఉండాలి. చేసిన పనికి బిల్లు ఇవ్వమని అడగండి. చెక్కు తిరిగొచ్చి నోటీసు వస్తే అందిన రోజు నుంచి 15 రోజులే గడువు, ఆలోపే జవాబు పంపాలి.

కాగితాల కోసం భయం వద్దు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. తీర్పు నకలు కోర్టులో దరఖాస్తు చేసి మీరే తీసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి లాభం లేదు, వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న తీర్పు వచ్చింది. హనుమకొండ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మీ పాత వకీలు వినకపోతే అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే దారి ఉంది.

అయితే ఆయన పని చేశారు, ఆ కష్టానికి ఫీజు ఇవ్వాలి. వాయిదాలు, సాక్షుల విచారణ లెక్కగట్టి న్యాయమైన మొత్తం తేల్చుకోండి. బ్యాంకు ద్వారా చెల్లించి, రసీదుతో పాటు రెండు చెక్కులూ వెనక్కి తీసుకోండి.

డబ్బు చేతికొచ్చాక మొదట పుస్తెలతాడు విడిపించండి. 9 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేయండి, ఒకరి పేరున పరిమితి అంతే. 7.4 శాతం వడ్డీతో నెలకు 5,550 వస్తాయి. మిగిలే 3 లక్షల్లోనే బంగారం బాకీ, వకీలు ఫీజు తీరాలి. ఆయన అడిగిన 3,60,000 ఇస్తే ఈ 9 లక్షలూ మిగలవు, తాడూ ఇంటికి రాదు. వకీలుతో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. అక్కడ కొత్తగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.