పొరుగు సంఘానికి తోడుగా వెళ్ళబోయే అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి వందనాలు.

ఇక్కడ అమెరికాలో మనం ఆరాధించే భవనంలోనే మధ్యాహ్నం కూడుకునే, ఇమిగ్రేషన్ అరెస్టుల భయంతో ఉన్న స్పానిష్ సంఘంవారికి సాయంగా ఉండేందుకు నువ్వు ఒప్పుకున్నావని పాస్టరుగారు చెప్పారు. చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నదాన్ని కనుక కొన్ని మాటలు రాస్తున్నాను.

ముందు వాళ్ళ పాస్టరును కలువు. ఏమి కావాలో వాళ్ళే చెప్పాలి. ఎవరినీ "మీకు కాగితాలు ఉన్నాయా?" అని, అంటే ఈ దేశంలో ఉండేందుకు అనుమతి ఉందా అని, అడగకు. తమంతట తాము చెబితే విను, ఎక్కడా రాసి పెట్టకు. మనవాళ్ళకు ప్రార్థన మనవి అంటూ వాట్సాప్ గ్రూపులో పేర్లతో సహా పెట్టే అలవాటు ఉంది. మంచి మనసుతోనే పెడతారు, కానీ ఆ సందేశం ఎవరెవరి ఫోన్లకు చేరుతుందో చెప్పలేం. పెద్దవాళ్ళు పెట్టినా సరే, తీసేయమని గట్టిగా చెప్పు.

"ఇమిగ్రేషన్ అధికారులు చర్చిలోకి రారు కదా" అని కొందరు అడుగుతారు. చర్చిలు, బడులు, ఆసుపత్రుల్లో సాధారణంగా అరెస్టులు చేయకూడదని 2011 నుంచి ప్రభుత్వ విధానం ఉండేది. 2025 జనవరిలో దాన్ని రద్దు చేశారు. క్వేకర్లు, కోఆపరేటివ్ బాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖలవాళ్ళు, కాలిఫోర్నియా శాక్రమెంటోలోని ఒక గురుద్వారావాళ్ళు కోర్టుకు వెళితే, ఫిబ్రవరిలో మేరీలాండ్‌లోని న్యాయమూర్తి వాళ్ళ ఆరాధనా స్థలాల వరకే ఊరట ఇచ్చారు. మన భవనానికి అది వర్తించదు. అందుకే ఇక్కడ భయం లేదని ఎవరికీ మాట ఇవ్వకు.

తలుపు దగ్గర నిలబడేవారికి వారంటు చదవడం నేర్పించు. న్యాయమూర్తి సంతకం ఉన్న వారంటు వేరు. ఐ-200, ఐ-205 అనే ఫారాల మీద ఉండేది ఇమిగ్రేషన్ అధికారి సంతకం మాత్రమే. అలాంటి కాగితం తెస్తే, లోపలికి రావడానికి ఒప్పుకోవడం లేదని మర్యాదగా చెప్పి లాయరుకు ఫోను చేయాలి. బలవంతంగా వస్తే అడ్డుపడకూడదు. ఎవరినీ దాచకూడదు, అబద్ధం ఆడకూడదు. మన మీద కేసు పడితే ఆ కుటుంబానికి ఉన్న తోడు కూడా పోతుంది.

అన్నిటికంటే నా మనసు పిల్లల మీదే ఉంటుంది. తల్లీతండ్రీ ఇద్దరూ ఒకే రోజు పట్టుబడితే బడి నుంచి పిల్లలను ఎవరు తీసుకురావాలి? ఆ పేరు బడిలో ముందే నమోదు చేయించాలి. పిల్లల సంరక్షణను తాత్కాలికంగా అప్పగించే పత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది, లాయరు చేతే రాయించాలి. పిల్లల పాస్‌పోర్టులు, మందుల వివరాలు ఒకే సంచిలో పెట్టించు. ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఏ-నంబరు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. ఆ నంబరు, పుట్టిన దేశం తెలిస్తే నిర్బంధంలో ఉన్న మనిషిని ప్రభుత్వ వెబ్‌సైటులో వెతకవచ్చు. ఫోను తీసేసుకుంటారు కాబట్టి ప్రతి ఒక్కరికీ ఒక్క నంబరైనా కంఠతా రావాలి. ఈ మాటలు తల్లులతో మాట్లాడేటప్పుడు తొందరపడకు. ఏడుస్తారు. ఏడవనివ్వు, తరువాత మళ్ళీ కాగితాల దగ్గరికి రా.

ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం తన ఖర్చుతో లాయరును పెట్టదు. మన కానుకల్లో ఎక్కువ భాగం లాయర్ల ఖర్చుకే వెళ్ళాలని నా అభిప్రాయం. లాయర్లు కాకపోయినా నోటారియో (స్పానిష్‌లో నోటరీ) అని బోర్డు పెట్టుకుని డబ్బు గుంజేవాళ్ళు ఉన్నారు. లాయరు గానీ, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి గానీ అయితేనే వెళ్ళమను. వాయిదాకు వెళ్ళకపోతే మనిషి లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు రావచ్చు, వెళితే కోర్టు దగ్గరే పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. అందుకే వెళ్ళాలో లేదో నువ్వు చెప్పకు, లాయరు చెప్పాలి. వెళ్ళేటప్పుడు మాత్రం పక్కన కూర్చునే మనిషిని పంపు.

"మనం వీసాల మీద వచ్చినవాళ్ళం, మనకెందుకు?" అని మనవాళ్ళే అడుగుతారు. వాళ్ళకు 2019 గుర్తుచేయి. మిషిగన్‌లో ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయంలో చేరి అరెస్టయిన విద్యార్థుల్లో చాలామంది తెలుగు పిల్లలే. ఆ రోజుల్లో మనకూ ఎవరైనా తోడుంటే బాగుండునని ఎన్ని ఇళ్లలో అనుకున్నారో!

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆగు. లాయర్ల నంబర్లు తెస్తాను. బయటికి రావడానికి జంకుతున్న ఇళ్లకు సరుకులు ఎవరు తీసుకెళ్ళాలో కూడా మాట్లాడుకుందాం.

ప్రభువునందు,
నీ పెద్దమ్మ