బోదె గట్టున పసుపు తూనీగ

ప్రశ్న: మా వరి చేను పక్కన పంట బోదె గట్టు మీది గడ్డిలో, అగ్గిపుల్లంత పొడవుతో, నిమ్మపండు రంగు తోకతో ఉన్న పురుగు కనిపించింది. ఫొటో పంపుతున్నాను. ఇది తూనీగేనా? ఏ జాతి? మా ప్రాంతంలోనే ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తూనీగకు దగ్గరి చుట్టమే. తూనీగ వాలినప్పుడు రెక్కలను ఇరువైపులా చాచి ఉంచుతుంది. మీ ఫొటోలోనిది వాటిని వీపు మీద ఒద్దికగా ముడుచుకుంది. కళ్లు కూడా ఒకదానికొకటి ఆనకుండా తలకు చెరో కొసన ఉన్నాయి. ఇటువంటివాటిని ఇంగ్లీషులో డామ్సెల్‌ఫ్లై అంటారు. మన వాడుకలో రెండూ తూనీగలే కనుక, ఇక్కడ దీనిని సన్న తూనీగ అందాం.

జాతి సెరియాగ్రియన్ కోరమాండెలియానమ్. మీరు తీసినది మగదాని ఫొటో. వింతేమిటంటే, మచ్చలు లేకపోవడమే దీని గుర్తు. రెక్కలు మొలిచే భాగం పైన ఆలివ్ ఆకుపచ్చగా, పక్కల పసుపుగా ఉండగా, సుమారు 30 మిల్లీమీటర్ల పొడవుండే ఉదరం (మీరు తోక అన్న భాగం) మొదలు నుంచి చివర దాకా నల్లచుక్క అయినా లేని నిమ్మ పసుపు. దీని సోదర జాతి సెరియాగ్రియన్ సెరినోరుబెల్లమ్ కూడా చెరువుల దగ్గర కనిపిస్తుంది కాని, దాని ఉదరం మొదలూ చివరా ఇటుక ఎరుపు, నడుమ పైభాగం నలుపు కావడం వల్ల పొరబడే అవకాశం తక్కువ. ఆడదానితోనే చిక్కు: అది మట్టి రంగు కలిసిన మందమైన ఆకుపచ్చలో ఉండి గడ్డిలో కలిసిపోతుంది.

నిలకడగా ఉండే నీరు, అందులో మొక్కలు ఉన్న చోటల్లా, అంటే కుంటలు, జమ్ము పెరిగిన చెరువు అంచులు, వరి మడుల వంటి చోట్ల, ఇది నివసిస్తుంది. గుడ్లు పెట్టేటప్పుడు మగది ఆడదాని మెడ దగ్గర తోక కొసతో పట్టుకొని, దాని మీద కర్ర పాతినట్టు నిటారుగా నిలబడుతుంది. ఓపిక ఉంటే ఒక ఉదయం ఏ కలువాకు దగ్గరో కూర్చుని చూడదగిన దృశ్యమిది. ఆడది గుడ్లను నీటి మొక్క కణజాలంలోకి గుచ్చుతుంది. పిల్ల పురుగు నీటిలోనే పెరుగుతూ, తోక చివరనున్న మూడు ఆకుల్లాంటి మొప్పలతో కూడా ఊపిరి పీలుస్తుంది. పిల్లా పెద్దా రెండూ చిన్న పురుగులనే తింటాయి కాబట్టి మీ వరికి భయం లేదు.

1798లో దీనిని వర్ణించిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ పెట్టిన పేరులో కోరమాండల్ తీరం (భారతదేశపు ఆగ్నేయ తీరం) ఉన్నా, ఇది ఆ తీరానికే పరిమితం కాదు. భారతదేశంలో చాలా భాగంలోనూ, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, మయన్మార్‌లలోనూ కనిపించే సాధారణ జాతి. ఈసారి ఆడది దొరికితే పైనుంచి కాక పక్కనుంచి, తోక చివర స్పష్టంగా పడేలా ఫొటో తీసి పంపండి.