హెచ్‌ఐవీ అనుమానమా? డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఆ తేదీ రాసుకోండి

ప్రశ్న: సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేస్తూ పది రోజుల క్రితం ఇంటికొచ్చాను. రెండు నెలల కిందట అక్కడ ఒకసారి కండోమ్ లేకుండా కలిశాను. తర్వాత జ్వరం, గొంతునొప్పి వచ్చి తగ్గాయి. హెచ్‌ఐవీ ఏమోనని నిద్ర పట్టడం లేదు. పిల్లల కోసం చూస్తున్నాం, భార్యకు ఏమీ చెప్పలేదు. డాక్టరుకు ఏం చెప్పాలి? ఊళ్లో తెలిసిపోతుందా?
– ఓ పాఠకుడు, బరంపురం దగ్గర పల్లె, గంజాం జిల్లా

జవాబు: ముందు ఆ రోజు తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. 'రెండు నెలలు' అంటే సరిపోదు. జీతం అందిన రోజో, మిల్లు సెలవో గుర్తు చేసుకుంటే తేదీ దొరుకుతుంది. వైరస్ ఒంట్లో చేరగానే పరీక్షలో బయటపడదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను చూసే ర్యాపిడ్ టెస్టులో కొందరికి మూడు నెలల దాకా నెగెటివే రావచ్చు. అందుకే ఇప్పుడొకసారి, ఆ తేదీకి 90 రోజులు నిండాక మరోసారి చేయించుకోండి. మొదటిది నెగెటివ్ వచ్చిందని రెండోది మానేయొద్దు.

జ్వరాన్ని బట్టి ఏదీ తేల్చలేం. మన వైపు మలేరియా కూడా ఉంది కదా! అయినా జ్వరం ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లుంది, దద్దుర్లు వచ్చాయా, మెడలో గానీ గజ్జల్లో గానీ బిళ్లలు కట్టాయా, మర్మాంగం దగ్గర పుండు పడిందా అన్నవి రాసుకోండి. వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్లు, పచ్చబొట్టు, నాటు మందు, ఏదీ దాచొద్దు. సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు కూడా అడగండి.

ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) పరీక్ష ఉచితం. పరగడుపున వెళ్లనక్కర్లేదు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మీకు దగ్గరే. కౌన్సెలర్‌తో ఒంటరిగా మాట్లాడొచ్చు, తెలుగు అర్థమయ్యేవాళ్లకు అక్కడ కొదవ లేదు. మీ ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఊరివాళ్లకు చెప్పడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు. వెళ్లేముందు ఏదైనా అడగాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఖర్చుండదు.

మొదటి కిట్‌లో రియాక్టివ్ (వైరస్ ఉండొచ్చు) అని వచ్చినా కుంగిపోకండి. వేరే రకం కిట్లతో మరో రెండుసార్లు చూశాకే నిర్ధారిస్తారు. నిజంగా ఉన్నా, వైరస్‌ను అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితం. చాలామందికి రోజుకు ఒక్క మాత్రే. మానకుండా వేసుకుని, వైరస్ రక్తంలో కనబడనంతగా తగ్గి అలాగే నిలిస్తే, కలయిక ద్వారా భార్యకు సోకదు. పిల్లల్నీ కనొచ్చు.

నాకు ఎక్కువ బెంగ మీ ఆవిడ గురించే. రెండో ఫలితం వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి, రక్తదానం వద్దు. ఇంటికొచ్చాక ఇప్పటికే కలిసుంటే ఆ సంగతి కౌన్సెలర్‌కు చెప్పండి. ఆమెకెలా చెప్పాలో తెలియకపోతే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు.

సూరత్‌లో ఉన్న మీ తోటివాళ్లకూ ఒక మాట చేరవేయండి. ఇలాంటిది జరిగితే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. సోకకుండా ఆపే మందులు 28 రోజులు వాడాలి.